పూచీపీట

తామ్రకోటకు పగటివేళ వచ్చిన మనిషి ముందు కళ్లు చికిలించుకోవలసిందే. ఆ నగరంలో చిన్న గుడిసె నుంచి రాజసౌధం దాకా ప్రతి కప్పూ రాగిరేకే. ఎండ వాటి మీద పడి, ఒక కప్పు నుంచి ఇంకో కప్పుకు దూకుతూ, ఊరంతా కరిగిన బంగారం పోసిన మూకుడులా ఉంటుంది. ఆ మధ్యాహ్నం మాత్రం ఆ మెరుపు మీద రెండు నల్లటి పొగస్తంభాలు లేచి నిలబడ్డాయి. ఒకటి అద్దకంవారి వీధి మీద, రెండోది ఏనుగుల సాల మీద.

మణిసీమ యువరాజు మకరందుడు కోటగుమ్మానికి దూరంగా గుర్రం దిగి, కత్తిని మూలికల సంచి అడుగున దాచి, పల్లెటూరి వైద్యుడిలా తలపాగా చుట్టుకున్నాడు. కరాళకంఠుడనే మాంత్రికుడు అతని తండ్రి గొంతును ఒక శంఖంలో బంధించి ఎత్తుకుపోయి ఎనిమిది నెలలైంది. అప్పటి నుంచి మణిసీమ మహారాజు సింహాసనం మీద మూగగా కూర్చుంటున్నాడు. శంఖాన్ని వెతుక్కుంటూ మూడు రాజ్యాలు దాటి వచ్చిన మకరందుడికి, ఆ నల్లపొగలో తనకు తెలిసిన గంధకం వాసనే తగిలింది.

గుమ్మం దగ్గర కావలివాడు ఈటె అడ్డం పెట్టాడు.

"ఎవరు నువ్వు?"

"వైద్యుణ్ని. పేరు భద్రయ్య."

"మా ఊరి ఉప్పు తిన్నావా?"

ఇదేం ప్రశ్నో మకరందుడికి అర్థం కాలేదు. "ఇంకా లేదు. సత్రం ఎక్కడో చెబితే తింటాను."

"తినొద్దు," అన్నాడు కావలివాడు, వెతుకుతున్న వస్తువు దొరికినవాడిలా. వెంటనే నలుగురు భటులు వచ్చి అతన్ని సంచితో సహా ఎత్తుకుని పరుగు తీశారు. దారిలో అతను ఎన్ని ప్రశ్నలు వేసినా వాళ్లు చెప్పింది ఒకటే మాట. "పలుకుగృహానికి మా ఉప్పు తినని పరదేశి వైద్యుడే కావాలని చట్టం. నువ్వు దొరికావు."

ఖైదీల చేత నిజం పలికించే పలుకుగృహం కోట వెనక ఒంటరిగా ఉంది. అరవై ఏళ్లుగా తెరవని తలుపు బందులకు అప్పుడే నూనె పోశారు. ఆ నూనె ఇంకా గడప మీదికి కారుతోంది. లోపల నేల మధ్యలో పనసచెక్క పీటలు రెండు, పక్కపక్కనే, ఒకే ఎత్తులో ఉన్నాయి. గోడకు ఇనుప పట్టకార్లు, వేళ్లు నొక్కి విరిచే మరచెక్కలు వేలాడుతున్నాయి. ఒక మూల సంకెళ్లతో బక్కపలచటి మనిషి నిలబడి ఉన్నాడు. పేరు ఉల్ముకుడు. తెల్లవారుజామున ఏనుగుల సాల తగలబడుతుంటే చేతిలో కాగడాతో పట్టుబడ్డాడు.

పీటల పక్కన నిలబడిన రాణి కనకాంబిక మొహంలో నిద్ర లేదు. ఆమె తమ్ముడు దళపతి శూరసింగుడు గదిలో అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"అద్దకంవారి వీధిలో పద్నాలుగు మంది పోయారు," అన్నాడు శూరసింగుడు వైద్యుడి వైపు చూసి. "ఏనుగుల సాలలో మావటివాళ్లు ఆరుగురు. మూడో మంట సాయంత్రం దీపభేరి మోగేవేళకు లేస్తుందని వీడి మొలలో తాటాకు దొరికింది. చోటు తెలుసంటాడు, చెప్పనంటాడు. నీ పని వీడు చావకుండా చూడటం. మిగతా పని మాది."

"ఈ రెండో పీట ఎవరికి, దొరా?" అని అడిగాడు మకరందుడు.

జవాబు రాణి చెప్పింది. "ఆజ్ఞ ఇచ్చినవాళ్లకు. మా నాయనమ్మ మంగళాంబ పెట్టిన చట్టం. ఆవిడ కాలంలో ఒక కల్లుగీత మనిషి, చేయని హత్యను మరచెక్కకు తట్టుకోలేక ఒప్పుకుని ఉరికెక్కాడు. తరవాత అసలువాడు దొరికాడు. అప్పటి నుంచి ఎవరు హింసకు ఆజ్ఞ ఇస్తే వాళ్లు ఖైదీ పక్కన ఇదే పీట మీద, మొహం తిప్పుకోకుండా కూర్చోవాలి. నొప్పితో ఖైదీ ఏ చోటు పేరు చెబితే ఆ చోట, ప్రమాదం దాటేదాకా, ఆజ్ఞ ఇచ్చినవాళ్ల కడుపున పుట్టినవాళ్లు నిలబడాలి. నొప్పిమాటకు సొంతరక్తం పూచీ."

"అందుకే అరవై ఏళ్లుగా ఎవరూ కూర్చోలేదు," అన్నాడు శూరసింగుడు. "నాకు పిల్లలుంటే ఈపాటికి పని అయిపోయేది. బ్రహ్మచారినైపోయాను."

"ఆ సంగతి నువ్వు తేలిగ్గానే చెబుతావురా," అంది రాణి. గుమ్మం దగ్గర నిలబడి ఉన్న ఆమె ఒక్కగానొక్క కూతురు వాసంతిక తల్లి మొహంలోకి చూసింది. ఆ పిల్లకు పందొమ్మిదేళ్లు. భయపడుతోందో లేదో తెలియనివ్వని మొహం.

"కూర్చో అమ్మా," అంది వాసంతిక. "పోయిన ఇరవైమందికీ అమ్మలున్నారు."

అప్పుడు వచ్చింది సూరమ్మ, చెరసాల వంటమనిషి, అన్నం గంప నెత్తిన పెట్టుకుని. పీట ఎక్కే ముందు ఖైదీకి కడుపునిండా పెట్టాలని చట్టంలో ఇంకో మాట. ఆకు పరిచి, వేడి అన్నం, కందిపప్పు, గోంగూర పచ్చడి వడ్డించింది.

ఉల్ముకుడు ఆకు వైపు చూడలేదు. కిటికీలోంచి నేల మీద పడిన ఎండ ఎంత జరిగిందో చూశాడు.

"ఎప్పుడు మొదలుపెడతారు?" అన్నాడు.

సూరమ్మ గరిటె ఆపింది. "ముప్పై ఏళ్లుగా ఖైదీలకు వడ్డిస్తున్నాను నాయనా. తిననన్నవాళ్లను చూశాను. ఏడ్చి తిన్నవాళ్లను చూశాను. తొందరపెట్టినవాణ్ని ఇదే చూడటం."

ఆ మాట మకరందుడి చెవిలో ముల్లులా నాటుకుంది. నాడి చూసే నెపంతో ఖైదీ దగ్గరికి వెళ్లాడు. నాడి పెళ్లిభోజనానికి కూర్చున్నవాడిదంత నిదానంగా ఉంది. గోళ్లు కండదాకా కత్తిరించి ఉన్నాయి. కాగడా పట్టుకుని ఊళ్లు తగలబెట్టే మనిషి గోళ్లు అంత శ్రద్ధగా ఎందుకు కత్తిరించుకుంటాడు? ఆ వేళ్ల నుంచి అక్కలకర్ర వాసన. పిప్పిపంటికి తిమ్మిరెక్కడానికి నమిలే వేరు అది. మకరందుడు సంచిలోంచి తుమ్మముల్లు తీసి, చెయ్యి పట్టుకున్నట్టే పట్టుకుని, వేలికొసలో దించాడు. రక్తపు బొట్టు వచ్చింది. వేలు కదల్లేదు.

అతను లేచి రాణి దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"తల్లీ, వీడి చేతులకు స్పర్శ లేదు. గోళ్లు తీసేసి, వేళ్లలోకి ఇంకేలా ఏదో పసరు పూసుకుని వచ్చాడు. అంటే పట్టుబడతానని, మరచెక్క ఎక్కుతానని ముందే తెలుసు. మీరు హింసించాలనే వచ్చాడు."

"నాడి పట్టుకుని రాజనీతి చెప్పే వైద్యుణ్ని ఇదే చూడటం," అన్నాడు శూరసింగుడు. "చోటు చెప్పదలచుకుంటే ఊరికే చెప్పొచ్చుగా?"

"ఊరికే చెబితే అక్కడికి ఎవరు వెళతారు, దొరా?"

"నేను వెళతాను. సైనికులు వెళతారు."

"నొప్పితో చెబితే?"

రాణి మెల్లగా కూతురి వైపు తిరిగింది. తామ్రకోట సింహాసనానికి ఆ పిల్ల తప్ప వారసులు లేరు. నాయనమ్మ హింసకు కంచె అని కట్టిన చట్టంలోంచే కరాళకంఠుడు దారి చేసుకున్నాడని మకరందుడికి తేటపడింది. తామ్రకోటవాళ్లు ప్రాణం పోయినా చట్టం తప్పరని వాడికి తెలుసు. వేలు విరిగే వేళకు యువరాణి ఎక్కడ నిలబడుతుందో వాడే నిర్ణయించుకున్నాడు.

"నువ్వు చెప్పింది తప్పయితే?" అంది రాణి.

"దీపభేరికి ఊరు కాలుతుంది."

"అంత నిదానంగా చెబుతున్నావే."

"నా మాట ఒప్పో తప్పో నాకూ తెలియదు తల్లీ. తెలుసుకోవడానికి అరగడియ ఇవ్వండి. వీడికి క్షమాభిక్ష పెట్టానని చెప్పండి. వాడి మొహం చూద్దాం."

కనకాంబిక రెండో పీటను చేత్తో పక్కకు జరిపింది. తరవాత ఖైదీ ముందుకు వెళ్లి, కొలువులో తీర్పు చెప్పే గొంతుతో అంది. "ఉల్ముకా, నీ మీద చెయ్యి వేయడం లేదు. సాయంత్రానికి నిన్ను పొలిమేర దాటిస్తారు. అన్నం తిను."

ఇరవై నిండుప్రాణాలు తీసిన మనిషి చావు తప్పిందని విని తెల్లబోయాడు. "అట్లా ఎట్లా వదులుతారు? నేను చోటు చెప్పలేదు. మీ ఊరు కాలిపోతుంది. అడగండి. ఆ మరచెక్క దించండి."

సూరమ్మ పప్పులో నెయ్యి వేసింది.

అప్పుడు ఉల్ముకుడు సంకెళ్లు ఈడ్చుకుంటూ ఒక్క దూకులో గుమ్మం దగ్గరికి వెళ్లి, కుడిచెయ్యి తలుపుసందులో పెట్టి, భుజంతో తలుపును మూసేశాడు. ఎముకలు విరిగిన చప్పుడు గదంతా వినిపించింది. ఆ తరవాత, ఒక్క ఊపిరి ఆలస్యంగా, గుర్తొచ్చినవాడిలా అరిచాడు.

"గంటల మండపం. మూడో మంట గంటల మండపంలో. ఇది నొప్పిమాట. పూచీ పంపండి."

"మేం ఆజ్ఞ ఇవ్వలేదు," అంది కనకాంబిక. "నీ నొప్పికి నువ్వే పూచీ."

ఆ తరవాత అన్నీ వేగంగా జరిగిపోయాయి. శూరసింగుడు తడిగోనెలతో, నలభైమంది మనుషులతో దొడ్డిదారిన మండపానికి వెళ్లాడు. రాతిపలకలు లేపితే కింద తొమ్మిది జాడీల గంధకనూనె దొరికింది. వత్తులు తడిపి, జాడీలు బళ్లకెక్కించి ఏటికి తోలేశారు. ఊరికి గండం తప్పింది. కానీ మకరందుడు అక్కడితో ఆగలేదు.

"ఉచ్చు పన్నినవాడు పిట్ట పడిందో లేదో చూడటానికి రాకుండా ఉండడు," అన్నాడతను. "యువరాణి పూచీకి బయలుదేరిందని చాటింపు వేయించండి. ఆమె చీర, మేలిముసుగు నాకివ్వండి. పల్లకిలో నేను వెళతాను."

రాణి ఒప్పుకుంది. అతను ముసుగు సర్దుకుంటుంటే మాత్రం ఒక ప్రశ్న వేసింది. "వైద్యుడా, నిజం చెప్పు. వాడి చేతులకు స్పర్శ ఉండి, చోటు నిజంగా తెలిసి, నా బిడ్డకు బదులు ఊరు మొత్తం ఆ మంటలో పడేదైతే, అప్పుడు నన్ను పీట మీద కూర్చోమనేవాడివా?"

మకరందుడు చీర కుచ్చెళ్లు దోపుకున్నాడు. ఎనిమిది నెలల్లో రాక్షసులు అడిగిన పొడుపుకథలు ఎన్నో విప్పాడు. ఇది వాటిలాంటిది కాదు.

"ఆలోచించి చెబుతాను తల్లీ," అన్నాడు.

"చెప్పు. నేనూ ఆలోచిస్తుంటాను."

గంటల మండపం ఏటి ఒడ్డున గుట్ట మీద ఉంది. నూటెనిమిది స్తంభాలు, స్తంభానికొక రాగిగంట. దానిమ్మపువ్వంత గంటలున్నాయి, దున్నపోతంత గంటలున్నాయి. గాలి ఒకవైపు నుంచి వీస్తే మండపం కూనిరాగం తీస్తుందని, రెండువైపుల నుంచి వీస్తే నవ్వుతుందని ఊళ్లో చెప్పుకుంటారు. పొద్దు వాలుతుండగా పల్లకి అక్కడికి చేరేసరికి గాలి లేదు. నూటెనిమిది గంటలూ చెవి ఒగ్గి వింటున్నట్టు ఉన్నాయి.

పల్లకి వెనక బిందె చంకనబెట్టుకుని ఒక దాసి, అన్నం గంపతో సూరమ్మ వచ్చారు. పూచీ నిలబడినవాళ్లకూ అన్నం పెట్టాలని చట్టంలో ఉందట. మకరందుడు ముసుగులో కత్తి పిడి తడుముకుంటూ మండపం నడుమ నిలబడ్డాడు.

ఉన్నట్టుండి గంటలన్నీ ఒకేసారి మోగాయి. పైకప్పు మీంచి నల్లటి పొగ జలపాతంలా దిగింది. ఆ పొగలో రెండు పచ్చటి కళ్లు, తాడిచెట్టంత ఆకారం, మెడలో వేలాడుతున్న తెల్లటి శంఖం కనిపించాయి. తండ్రి గొంతు అందులో సన్నగా మూలుగుతోంది. మకరందుడు ముసుగు చించిపారేసి కత్తి దూశాడు. పొగను అడ్డంగా నరికాడు, నిలువుగా నరికాడు. కత్తికి మసి తప్ప ఏమీ అంటలేదు. పొగ వెంటే దిగి, స్తంభం చాటు నుంచి గొడ్డలితో దూకిన మాంత్రికుడి శిష్యుణ్ని తప్పించుకుని, పెద్దగంట తాడును ఒక్క వేటుతో తెగనరికాడు. దున్నపోతంత గంట దభీమని శిష్యుడి కాలి మీద పడింది.

కరాళకంఠుడు నవ్వాడు. "తామ్రకోట రక్తానికి వాసన ఉంటుంది కుర్రవాడా. చీరకు ఉండదు."

పొగ చెయ్యి మకరందుణ్ని దాటిపోయి, బిందె పట్టుకున్న దాసిని ఎత్తుకుంది. తలమీది చెంగు జారింది. వాసంతిక. నా పూచీ ఇంకొకళ్లు నిలబడటమేమిటని, తల్లికి చెప్పకుండా వచ్చేసింది ఆ పిల్ల. ఆమె అరవలేదు. చేతిలోని బిందెతో పచ్చటి కన్ను మీద ఒక్కటి వేసింది. మరుక్షణం పొగ, పిల్ల, శంఖం ఏవీ లేవు. బిందె మాత్రం మెట్ల మీద దొర్లుకుంటూ పోయింది.

మకరందుడు శిష్యుడి మీద పడ్డాడు. "ఎక్కడికి తీసుకెళ్లాడు?"

గంట కింద కాలు ఇరుక్కున్న ఆ మనిషికి నలభైయేళ్లుంటాయి. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. "చీకటి పడితే ఆ పిల్ల గొంతు కూడా శంఖంలోకి పోతుంది," అన్నాడు వణుకుతూనే, కసిగా. "చోటు నాకొక్కడికే తెలుసు. అడుగు. ఎట్లా అడగాలో నీకు తెలుసుగా."

పడమట సూర్యుడు రాగికప్పుల మీద ఎర్రగా కూర్చున్నాడు. దీపభేరికి గడియ కూడా లేదు. వాసంతిక, తండ్రి గొంతు, ఎనిమిది నెలల తిరుగుడు, అన్నీ ఈ ఒక్క నోట్లో ఉన్నాయి. వీడి చేతులకు పసరు పూయలేదు. మకరందుడికి ఆ సంగతి ఎట్లా తెలిసిందంటే, వాడి చిటికెనవేలు అప్పటికే తన పిడికిలిలో వెనక్కి వంగి ఉంది, వాడు పళ్లు బిగించి మూలుగుతున్నాడు. ఎప్పుడు పట్టుకున్నాడో అతనికే గుర్తులేదు. తన చేతిని ఇంకెవరి చేతినో చూసినట్టు చూశాడు. ఇంకొంచెం వంచితే ఏం చెబుతాడో తెలుసుకోవాలని ఉంది. అంతగా ఉన్నందుకు ఒళ్లు జలదరించింది.

వెనక నుంచి సూరమ్మ వచ్చి గంప దించింది.

"పీట తేలేదు నాయనా. ఆ వేలు విరిస్తే వీడి పక్కన ఎవరిని కూర్చోబెడదాం?"

"నేను మీ రాజ్యంవాణ్ని కాదు అవ్వా. మీ చట్టం నాకు లేదు."

"తెలుసులే. వైద్యుడి చేతికి విల్లు పట్టిన కాయలుంటాయా? అందుకే అడుగుతున్నాను. చట్టం లేనివాడివి, పూచీ ఎవరు?"

మకరందుడు వేళ్లు ఒక్కొక్కటే విప్పాడు. వేలు వదిలేశాక తన చెయ్యే ఎక్కువ నొప్పిగా అనిపించింది. సూరమ్మ అప్పటికే ఆకు పరిచి, ఆ మనిషి ముందు పప్పన్నం కలిపి పెడుతోంది.

"నీ పేరేమిటయ్యా? ఎన్నాళ్లయింది తిని?"

వాడు ఆ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. పట్టుబడితే తామ్రకోటవాళ్లు పేగులు తీసి మెళ్లో వేస్తారని గురువు చెప్పి ఉంటాడు. గోంగూర కలిపి పెడతారని చెప్పి ఉండడు. పేరు చెప్పలేదు. చోటూ చెప్పలేదు. ముద్ద మాత్రం నోట్లో పెట్టుకున్నాడు. పెట్టుకుని మొహం చిట్లించాడు.

"ఉప్పెక్కువైంది," అన్నాడు.

సూరమ్మ చెయ్యి ఆగిపోయింది. వేలితో ఆకు అంచున పప్పు నాకి చూసింది. "నా పప్పులో ఉప్పు ముప్పై ఏళ్లుగా ఎక్కువ కాలేదు. నీ నోరే ఉప్పగా ఉంది."

మకరందుడు వాడి పెదవుల వైపు చూశాడు. ఎండి పగిలింది దాహానికి కాదు. వంగి, గంట కింది నుంచి బయటికి కనిపిస్తున్న పిక్కను తడిమాడు. మోకాలిదాకా తెల్లటి పొర గీతలు గీతలుగా కట్టి ఉంది. పాత గీతలు ఎండి పెచ్చులు కట్టాయి. కొత్త గీత ఇంకా తడిగా ఉంది.

"అవ్వా, మీ దగ్గర ఉప్పుమడులున్నాయా?"

"ఏరు సముద్రంలో కలిసేచోట ఉన్నాయి. పాతికేళ్లుగా ఎవరూ పోవడంలేదు. నడుమ ఒక గాలిగోపురం ఉంది. పొద్దుగూకి పోటు వస్తే దాని చుట్టూ నీళ్లు మోకాలిదాకా మొదలయ్యి..." సూరమ్మ తన భుజం మీద చెయ్యి పెట్టి చూపించింది.

శిష్యుడి చేతిలో ముద్ద అట్లాగే ఉండిపోయింది. అతని మొహం చెప్పవలసింది చెప్పేసింది.

మకరందుడు చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని, పల్లకి వెంట వచ్చిన భటుడి గుర్రం మీదికి ఎగిరాడు. మార్చుకునే వ్యవధి లేదు. "ఆ గంట లేపించి, కాలికి కట్టు కట్టించు అవ్వా. రాణిగారితో చెప్పు. ఆవిడ ప్రశ్నకు జవాబు నాకు ఇంకా దొరకలేదు. ఆ జవాబు నా చేతిలోనే ఉంటుందని మాత్రం ఇవాళ తెలిసిందని చెప్పు."

గుట్ట దిగి ఏటిగట్టు ఎక్కేసరికి దూరంగా ఉప్పుమడులు వేయి అద్దాల్లా ఎర్రబడి ఉన్నాయి. వాటి నడుమ నల్లటి గోపురం, దాని కొసన రెండు పచ్చటి చుక్కలు. ఒకటి మసకగా ఉంది, బిందె దెబ్బ తగిలిన కన్ను. గుర్రం డెక్కల కింద మొదటి అల తెల్లగా పాకి వచ్చింది. వెనక నగరంలో దీపభేరి మీద తొలి దెబ్బ పడింది.